డీబీసీఏతో ర్యాక్ డేటాబేస్ కట్టడం: నా అనుభవం

ఒరాకిల్‌లో ర్యాక్ అంటే రియల్ అప్లికేషన్ క్లస్టర్స్. డేటా ఫైళ్లు ఒకే చోట, అందరికీ అందే నిల్వలో ఉంటాయి. వాటిని రెండు లేదా అంతకంటే ఎక్కువ సర్వర్లు ఒకేసారి తెరిచి పనిచేస్తాయి. ప్రతి సర్వర్‌లోనూ ఆ డేటాబేస్‌కు సొంత మెమరీ, సొంత ప్రాసెస్‌లతో ఒక ఇన్‌స్టాన్స్ నడుస్తుంది. ఇద్దరు గుమాస్తాలు ఒకే ఖాతా పుస్తకంలో ఒకేసారి రాస్తున్నట్టు అనుకోండి. ఒకరు దిద్దుతున్న పేజీ మీద రెండోవాళ్లు రాయకూడదు, దిద్దిన పేజీ వెంటనే రెండోవాళ్లకు కనిపించాలి. ఈ పేజీల మార్పిడికి ఒరాకిల్ పెట్టిన పేరు క్యాష్ ఫ్యూజన్. 2001లో 9ఐ వెర్షన్‌తో ర్యాక్ అనే పేరు వచ్చింది. అంతకు ముందు ఇదే ఆలోచన ఒరాకిల్ ప్యారలల్ సర్వర్ పేరుతో ఉండేది.

ఇలాంటి డేటాబేస్‌ను సృష్టించడానికి డీబీసీఏ, అంటే డేటాబేస్ కాన్ఫిగరేషన్ అసిస్టెంట్ అనే గ్రాఫికల్ టూల్ ఉంది. నేను రెండు నోడ్‌ల (క్లస్టర్‌లోని ఒక్కో సర్వర్‌ను నోడ్ అంటారు) లినక్స్ క్లస్టర్ మీద 19సీ వెర్షన్‌తో ఈ పని మొదటి నుంచి చివరి దాకా చేశాను. తెరలన్నీ చూశాక నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. డీబీసీఏ తనంతట తానుగా కొత్తగా తెచ్చేది తక్కువ. కింద క్లస్టర్‌వేర్ (సర్వర్లను ఒక జట్టుగా నడిపే సాఫ్ట్‌వేర్), నిల్వ, నెట్‌వర్క్ ఎలా ఉన్నాయో అదే మనకు తెరల మీద చూపిస్తుంది. అందుకే తెర మీద ఉండాల్సింది ఏదైనా కనిపించలేదంటే, టూల్‌ను మూసి మళ్లీ తెరవడం వల్ల లాభం లేదు. కింది అంతస్తులో ఏదో సరిగ్గా లేదని అర్థం. ఈ రాత మొత్తం ఆ దృష్టితోనే సాగుతుంది.

డీబీసీఏ తెరిచే వేళకు గ్రిడ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అప్పటికే నడుస్తూ ఉండాలి. క్లస్టర్‌వేర్, డిస్కులను డిస్క్ గ్రూపులుగా కలిపి నిర్వహించే ఏఎస్ఎం రెండూ అందులోనే వస్తాయి. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మాత్రం వేరే హోమ్‌లో (ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లో), రెండు నోడ్‌ల మీదా ఇన్‌స్టాల్ అయి ఉండాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ మాత్రమే పెట్టి, డేటాబేస్ సృష్టిని విడిగా డీబీసీఏకు వదలడం నాకు నచ్చిన పద్ధతి. అలా చేస్తే ఖాళీ హోమ్‌కు ముందే తాజా ప్యాచ్‌లు వేసుకోవచ్చు. డేటాబేస్ పుట్టకముందే ప్యాచ్ వేస్తే దాన్ని ఆపాల్సిన పని ఉండదు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

ఆ తర్వాత కింది అంతస్తు తనిఖీ. ముందుగా రెండు నోడ్‌ల మీదా క్లస్టర్‌వేర్ ఆన్‌లైన్‌లో ఉందా అని సీఆర్ఎస్‌సీటీఎల్ అనే కమాండ్‌తో చూశాను. అదే కమాండ్ క్లస్టర్ వనరులన్నింటినీ పట్టికలా చూపిస్తుంది: లిజనర్లు (కనెక్షన్లు అందుకునే ప్రాసెస్‌లు), వర్చువల్ ఐపీలు (నోడ్ పడితే ఇంకో నోడ్‌కు మారే చిరునామాలు), స్కాన్ లిజనర్లు, డిస్క్ గ్రూపులు. ప్రతి వరుసనూ ఓపిగ్గా చదవాలి. నేను చదువుతుంటే రికవరీ ఫైళ్ల కోసం అడిగిన డిస్క్ గ్రూపు మొదటి నోడ్ మీద ఆన్‌లైన్‌లోనూ, రెండో నోడ్ మీద ఆఫ్‌లైన్‌లోనూ కనిపించింది.

నిల్వ చూసే టీమ్‌కు ఫోన్ చేశాను. అవతల మనిషి తన తెర చూసుకుని, "ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయండీ, రెండు సర్వర్లకూ డిస్కులు మ్యాప్ అయి ఉన్నాయి" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. డిస్కులు రెండు వైపులా ఉన్నాయి. కానీ ఆ గ్రూపును మొదటి నోడ్ మీద ఎస్‌క్యూఎల్ కమాండ్‌తో సృష్టించారు. అలా సృష్టిస్తే అది ఆ నోడ్ మీద మాత్రమే మౌంట్ అవుతుంది, అంటే వాడుకకు తెరుచుకుంటుంది. ఏఎస్ఎంసీఏ అనే గ్రాఫికల్ టూల్‌తో సృష్టిస్తే అన్ని నోడ్‌ల మీదా మౌంట్ చేస్తుంది. ఎస్ఆర్‌వీసీటీఎల్ అనే కమాండ్‌తో ఆ గ్రూపును స్టార్ట్ చేయగానే రెండో నోడ్ మీదా పైకి వచ్చింది. చిన్న పనే. కానీ దీన్ని పట్టించుకోకుండా డీబీసీఏలోకి వెళ్లి ఉంటే, సృష్టి మధ్యలో రెండో ఇన్‌స్టాన్స్ లేవక, ఆ తప్పు సందేశం ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ కూర్చోవాల్సి వచ్చేది.

డిస్క్ గ్రూపుల విషయంలో ఇంకో సంగతి. గ్రిడ్ ఒక యూజర్ పేరుతో, డేటాబేస్ ఇంకో యూజర్ పేరుతో ఇన్‌స్టాల్ చేసే పద్ధతి పెద్ద సంస్థల్లో మామూలే. అప్పుడు డేటాబేస్ యూజర్ ఏఎస్ఎండీబీఏ అనే లినక్స్ యూజర్ గ్రూపులో సభ్యుడిగా ఉండాలి, అదీ రెండు నోడ్‌ల మీదా. లేకపోతే డీబీసీఏలో నిల్వ ఎంచుకునే చోట డిస్క్ గ్రూపుల జాబితా సరిగ్గా రాదు. చూసేవాళ్లకు నిల్వ పోయిందేమో అని టెన్షన్ పుడుతుంది. నిజానికి పోయింది అనుమతి మాత్రమే. యూజర్ వివరాలు చూపే ఐడీ కమాండ్ రెండు నోడ్‌ల మీదా కొట్టి, వచ్చిన జవాబులు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయో లేదో పోల్చుకోవడం మంచిది. యూజర్ నంబర్లు, గ్రూపు నంబర్లు కూడా కలవాలి.

నెట్‌వర్క్ వైపు స్కాన్ అనే పేరును చూడాలి. 11జీ రిలీజ్ 2తో వచ్చిన ఏర్పాటు ఇది. అప్లికేషన్‌లు నోడ్‌ల పేర్లు తెలియకుండానే ఒకే పేరుతో క్లస్టర్‌ను చేరుకోవడానికి పెట్టారు. డీఎన్ఎస్‌లో ఆ పేరుకు మూడు చిరునామాలు ఇవ్వమని ఒరాకిల్ చెబుతుంది. అడిగిన ప్రతిసారీ వాటి వరుస మారుతూ రావాలి. హోస్ట్స్ ఫైల్లో ఒక చిరునామా రాసేసి సరిపెట్టుకోవడం ఇంట్లో నేర్చుకునేవాళ్లకు పర్వాలేదు కానీ, పని నడిచే చోట వద్దు. రెండు నోడ్‌ల నుంచీ ఆ పేరును అడిగి చూశాను, మూడూ వచ్చాయి. నోడ్‌ల గడియారాలు ఒకే సమయం చూపిస్తున్నాయా అన్న విషయం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. రెండు నోడ్‌ల మీదా క్రోనీ (గడియారాన్ని సరిచేసే ప్రోగ్రామ్) ఒకే టైమ్ సర్వర్‌ను చూస్తోంది కాబట్టి నాకు ఇబ్బంది రాలేదు.

చివరగా క్లూవ్‌ఫై. క్లస్టర్‌ను పరీక్షించే ఈ టూల్‌లో డేటాబేస్ సృష్టికి ముందు చేయాల్సిన పరీక్షల దశ విడిగా ఉంది. నోడ్‌ల మధ్య పాస్‌వర్డ్ లేకుండా ఎస్ఎస్‌హెచ్ సాగుతోందా, మెమరీ, స్వాప్, యూజర్లు, గ్రూపులు సరిపోయాయా అని అన్నీ వరుసగా చెబుతుంది. ఇది అంతా సరే అన్నాకే డీబీసీఏ తెరవడం నా నియమం.

గ్రాఫికల్ టూల్ కదా, దాని తెర ఎక్కడ కనిపించాలన్న ప్రశ్న ఒకటుంది. చాలామంది తమ ల్యాప్‌టాప్‌కు ఎక్స్ ఫార్వర్డింగ్ చేసుకుంటారు. తెర బాగానే వస్తుంది. కానీ సృష్టి నడుస్తుండగా వీపీఎన్ తెగితే టూల్ కూడా దాంతోపాటే పోతుంది. నేను మొదటి నోడ్ మీదే వీఎన్‌సీ సెషన్ పెట్టి అందులో డీబీసీఏ నడిపాను. నెట్‌వర్క్ తెగినా సెషన్ సర్వర్ మీద బతికే ఉంటుంది, మళ్లీ కలిసి చూసుకోవచ్చు. కొంతమంది ఈ బాధలు ఎందుకని నేరుగా తెరలు లేకుండా నడిచే సైలెంట్ మోడ్‌కు వెళతారు. అది తప్పని నేను అనను. కానీ మొదటిసారి కట్టేవాళ్లు తెరల ద్వారానే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. ఎన్ని నిర్ణయాలు తీసుకోవాలో, ఏది దేని మీద ఆధారపడిందో తెరలు చూస్తేనే మనసుకు పడుతుంది.

మొదటి తెరలో క్రియేట్ డేటాబేస్, రెండో దాంట్లో టిపికల్, అడ్వాన్స్‌డ్ అని రెండు దారులు. అడ్వాన్స్‌డ్ తీసుకోండి. టిపికల్ దారి నాలుగు ప్రశ్నలతో ముగిసిపోతుంది, మిగతావన్నీ అదే నిర్ణయిస్తుంది.

మూడో తెర ముఖ్యమైనది. డేటాబేస్ రకం అడుగుతుంది: సింగిల్ ఇన్‌స్టాన్స్, ర్యాక్, ర్యాక్ వన్ నోడ్ (క్లస్టర్‌లో మామూలుగా ఒకే నోడ్ మీద నడిచేది). ఇక్కడ ర్యాక్ అనే ఎంపిక రావాలంటే కింద క్లస్టర్‌వేర్ నడుస్తుండాలి, డేటాబేస్ హోమ్ ర్యాక్ కోసం ఇన్‌స్టాల్ అయి ఉండాలి. ఎడిషన్ కూడా చూసుకోవాలి. 19సీ నుంచి స్టాండర్డ్ ఎడిషన్ 2లో ర్యాక్ లేదు, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ కావాలి. దాని కిందే అడ్మిన్ మేనేజ్డ్, పాలసీ మేనేజ్డ్ అనే ప్రశ్న. అడ్మిన్ మేనేజ్డ్‌లో ఏ ఇన్‌స్టాన్స్ ఏ నోడ్ మీద నడవాలో మనమే చెబుతాం. పాలసీ మేనేజ్డ్‌లో సర్వర్ల పూల్ ఇచ్చి క్లస్టర్‌కు వదిలేస్తాం. రెండు నోడ్‌ల క్లస్టర్‌కు అడ్మిన్ మేనేజ్డ్ చాలు. రాత్రి రెండింటికి ఫోన్ వచ్చినప్పుడు మొదటి ఇన్‌స్టాన్స్ మొదటి నోడ్ మీదే ఉందని ముందే తెలియడం ఎంత ఉపశమనమో ఆ పని చేసేవాళ్లకు తెలుసు.

అదే తెరలో టెంప్లేట్ ఎంచుకోవాలి. జనరల్ పర్పస్, డేటా వేర్‌హౌస్ టెంప్లేట్‌లలో డేటా ఫైళ్లు ముందే తయారుగా ఉంటాయి. వాటిని కాపీ చేసి పేరు మార్చుకుంటుంది కాబట్టి పని త్వరగా అవుతుంది. కానీ బ్లాక్ సైజ్ 8 కేబీ దగ్గర స్థిరం. వేరే సైజ్ కావాలన్నా, అక్కర్లేని భాగాలు తీసేయాలన్నా కస్టమ్ డేటాబేస్ తీసుకోవాలి. అది డిక్షనరీని (డేటాబేస్ తన గురించి తాను రాసుకునే పట్టికలను) మొదటి నుంచి స్క్రిప్ట్‌లతో కడుతుంది, చాలాసేపు పడుతుంది. నాకు 8 కేబీ సరిపోతుంది కాబట్టి జనరల్ పర్పస్ తీసుకున్నాను.

తర్వాతి తెరలో నోడ్‌ల జాబితా. డీబీసీఏ నడుపుతున్న నోడ్ తనంతట తానే ఎంపికై ఉంటుంది. రెండోదాన్ని మనం కుడివైపుకు తోయాలి. వేగంగా నెక్స్ట్ నొక్కుతూ పోయేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. రెండో నోడ్‌ను చేర్చకపోతే ఒకే ఇన్‌స్టాన్స్ ఉన్న ర్యాక్ డేటాబేస్ తయారవుతుంది. రెండో ఇన్‌స్టాన్స్‌ను అదే డీబీసీఏతో తర్వాత చేర్చుకోవచ్చు కానీ, ఆ అదనపు పని ఎందుకు. జాబితాలో రెండో నోడ్ అసలు కనిపించకపోతే మాత్రం డీబీసీఏను వదిలేసి, క్లస్టర్‌లోని నోడ్‌లను చూపే ఓఎల్ఎస్‌నోడ్స్ కమాండ్ ఏం చెబుతోందో చూడాలి.

పేరు పెట్టే తెర చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఇక్కడి నిర్ణయాలు తర్వాత మార్చడం కష్టం. డేటాబేస్ పేరు 8 అక్షరాలు దాటకూడదు. ఎస్ఐడీ (ఇన్‌స్టాన్స్ పేరు) ప్రిఫిక్స్ ఇస్తే దాని చివర 1, 2 అని అంకెలు తానే చేర్చి ఇన్‌స్టాన్స్‌ల పేర్లు తయారు చేస్తుంది. అందుకే పేరు చివర అంకె పెట్టకండి. సేల్స్1 అని పెడితే ఇన్‌స్టాన్స్‌లు సేల్స్11, సేల్స్12 అవుతాయి, అవి చూసిన కొత్తవాళ్లు పన్నెండు నోడ్‌లు ఉన్నాయనుకుంటారు.

కంటైనర్ డేటాబేస్‌గా (లోపల ప్లగబుల్ అనే డేటాబేస్‌లను పెట్టుకునేదిగా) సృష్టించాలా అన్న ప్రశ్న కూడా ఇక్కడే. 19సీలో కంటైనర్ కాని పాత పద్ధతి ఇంకా పనిచేస్తుంది, కానీ 21సీ నుంచి దానికి మద్దతు లేదు. కొత్తగా కట్టేటప్పుడు కంటైనర్‌గానే కట్టాలి. ఒక కంటైనర్‌లో మూడు దాకా ప్లగబుల్ డేటాబేస్‌లు సృష్టించుకోవడానికి 19సీలో మల్టీటెనెంట్ లైసెన్స్ విడిగా అక్కర్లేదు. ఆ ఒక్క మాటతో నా దగ్గర చర్చ ముగిసింది. లోకల్ అన్‌డూ (మార్పులను వెనక్కి తిప్పడానికి దాచే సమాచారం) టిక్ అలాగే ఉంచాను. ప్రతి ప్లగబుల్ డేటాబేస్‌కూ సొంత అన్‌డూ ఉంటే క్లోన్ చేయడం, వేరే చోటికి తరలించడం తేలిక.

నిల్వ తెరలో డేటా ఫైళ్లకు డేటా డిస్క్ గ్రూపు, రికవరీ తెరలో ఫాస్ట్ రికవరీ ఏరియాకు రెండో గ్రూపు. ఒరాకిల్ మేనేజ్డ్ ఫైల్స్ టిక్ పెడితే ఫైళ్ల పేర్లు అదే చూసుకుంటుంది. ఏఎస్ఎం మీద అదే సరైనది. రికవరీ ఏరియా సైజ్ దగ్గర మాత్రం అది చూపించిన అంకెను అలా వదిలేయకూడదు. ఇక్కడ ఇచ్చే సైజ్ ఒక పరిమితి. డిస్క్ గ్రూపులో ఇంకా చోటున్నా ఈ పరిమితి నిండితే ఆర్కైవ్ లాగ్‌లు (మార్పుల చిట్టా అయిన రీడూ లాగ్‌లకు భద్రపరిచే కాపీలు) రాయడం ఆగిపోతుంది. అవి ఆగితే మార్పులు ఆగుతాయి, వాడేవాళ్లకు ఓఆర్ఏ-00257 వస్తుంది. ర్యాక్‌లో ఇంకో ముడి ఉంది: రెండు ఇన్‌స్టాన్స్‌లూ తమ తమ రీడూ నుంచి ఆర్కైవ్‌లు తీసి ఒకే ఏరియాలో పోస్తాయి. సింగిల్ డేటాబేస్ అలవాటుతో లెక్క వేస్తే చాలదు. ఆర్కైవింగ్ ఆన్ చేసే టిక్ ఇదే తెరలో ఉంది. దాన్ని పెట్టాలి. ర్యాక్ డేటాబేస్‌ను తర్వాత ఆర్కైవ్ లాగ్ మోడ్‌లోకి మార్చాలంటే ఇన్‌స్టాన్స్‌లన్నీ ఆపి, ఒకదాన్ని మౌంట్ చేసి మార్చాలి.

మెమరీ తెర దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. మూడు పద్ధతులు ఉంటాయి. ఆటోమేటిక్ మెమరీ మేనేజ్‌మెంట్ అన్నిటికన్నా తేలికగా కనిపిస్తుంది, ఒక్క అంకె ఇస్తే చాలు. కానీ లినక్స్ మీద అది హ్యూజ్ పేజెస్‌తో, అంటే పెద్ద మెమరీ పేజీలతో, కలిసి పనిచేయదు. పెద్ద ఎస్‌జీఏ (ఇన్‌స్టాన్స్ ప్రాసెస్‌లన్నీ పంచుకునే మెమరీ) ఉన్న సర్వర్‌లో హ్యూజ్ పేజెస్ వదులుకోవడం నాకు ఇష్టం లేదు. మామూలు పేజీ 4 కేబీ, హ్యూజ్ పేజీ 2 ఎంబీ. 16 జీబీ ఎస్‌జీఏకు 8192 హ్యూజ్ పేజీలు చాలు. అదే మామూలు పేజీలైతే 40 లక్షలు దాటతాయి. వందల కొద్దీ సెషన్లు ఆ మెమరీని తాకుతున్నప్పుడు, ఒక్కో ప్రాసెస్‌కూ పేజీల పట్టిక నిర్వహించే ఖర్చే తడిసి మోపెడవుతుంది. అందుకే ఆటోమేటిక్ షేర్డ్ మెమరీ మేనేజ్‌మెంట్ తీసుకుని, ఎస్‌జీఏ, పీజీఏ (ఒక్కో ప్రాసెస్ సొంత మెమరీ) విడివిడిగా ఇచ్చాను. రెండు నోడ్‌ల మీదా హ్యూజ్ పేజీలు ముందే కేటాయించి ఉంచాం, ఏఎస్ఎం ఇన్‌స్టాన్స్‌కు కావాల్సింది వదిలేసి మరీ.

ఇంకో లెక్క కూడా ఇక్కడే వేసుకోవాలి. ఇక్కడిచ్చే విలువలు రెండు ఇన్‌స్టాన్స్‌లకూ వర్తిస్తాయి. ఒక నోడ్ పడిపోతే దాని సెషన్లన్నీ రెండోదాని మీదకు వస్తాయి. ప్రాసెస్‌ల సంఖ్య, పీజీఏ ఆ రోజును దృష్టిలో పెట్టుకుని ఇవ్వాలి. రెండు నోడ్‌లనూ నిండుగా వాడేసి, ఒకటి పోయినా మనకేం ఫర్వాలేదు అనుకోవడం ఆత్మవంచన.

క్యారెక్టర్ సెట్ ట్యాబ్‌లో ఏఎల్32యూటీఎఫ్8 ఉంచాను. తెలుగు డేటా పెట్టుకోవాల్సినవాళ్లకు ఇదే మంచిది. అయితే ఒక హెచ్చరిక. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు పడతాయి. మనం ఒక్క అక్షరంగా చూసే "స్త్రీ" లోపల ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. మొత్తం 18 బైట్లు. పొడవును బైట్లలో లెక్కించే 10 బైట్ల కాలమ్‌లో ఆ ఒక్క అక్షరమే పట్టదు. కాలమ్‌ల పొడవును క్యారెక్టర్లలో చెప్పడం అలవాటు చేసుకోవాలి. అలా చెప్పినా "స్త్రీ" ఆరు క్యారెక్టర్ల కిందే లెక్క. టేబుళ్లు డిజైన్ చేసేవాళ్లకు ఈ సంగతి డేటాబేస్ పుట్టిన రోజే చెప్పేయాలి. క్యారెక్టర్ సెట్ తర్వాత మార్చుకోవచ్చులే అనే ధీమా వద్దు, అది పెద్ద వలస పని.

పాస్‌వర్డ్‌లు, మేనేజ్‌మెంట్ ఎంపికల తెరల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

సృష్టి ఎంపికల తెరలో మూడు టిక్‌లు ఉంటాయి: డేటాబేస్ సృష్టించు, టెంప్లేట్‌గా భద్రపరచు, స్క్రిప్ట్‌లు తయారు చేయి. మూడోదాన్ని కూడా పెట్టాను. అందులో ఉన్నది చదివితే డీబీసీఏ తెర వెనక ఏం చేస్తుందో వరుసగా కనిపిస్తుంది. మొదట ఒక ఇన్‌స్టాన్స్‌తో డేటాబేస్ పైకి లేపుతుంది, క్లస్టర్‌కు కావాల్సిన వ్యూలు సృష్టిస్తుంది, రెండో ఇన్‌స్టాన్స్ కోసం ఇంకో అన్‌డూ టేబుల్ స్పేస్, ఇంకో రీడూ థ్రెడ్ (ఆ ఇన్‌స్టాన్స్ సొంత రీడూ లాగ్‌ల వరుస) చేరుస్తుంది, క్లస్టర్ డేటాబేస్ అనే పారామీటర్‌ను ట్రూ చేస్తుంది, చివరికి క్లస్టర్‌వేర్‌లో నమోదు చేస్తుంది. ఒకప్పుడు చేత్తో ర్యాక్ డేటాబేస్ కట్టినవాళ్లు చేసిన పని ఇదే. ఇది తెలిస్తే ఎక్కడ ఆగినా ఏ మెట్టు మీద ఆగిందో పోల్చుకోవచ్చు.

ఇదే తెర మీద స్టోరేజ్ లొకేషన్లను సవరించే బటన్ ఉంది, చాలామంది దాన్ని దాటేస్తారు. నేను లోపలికి వెళ్లి రీడూ లాగ్‌ల సైజ్ పెంచాను, ప్రతి థ్రెడ్‌కూ ఇంకా గ్రూపులు చేర్చాను. మొదట వచ్చే సైజ్, సంఖ్య ఖాళీ డేటాబేస్‌కు సరిపోతాయి కానీ నిండుగా రాతలు జరిగే వేళ లాగ్ మార్పిడులు అతిగా జరుగుతాయి. ఇప్పుడు పెట్టడం నిమిషం పని.

ఆ పైన ముందస్తు పరీక్షలు, తర్వాత సారాంశం తెర. పరీక్షల్లో హెచ్చరికలు వస్తే ఇగ్నోర్ ఆల్ అనే టిక్ కంటి ముందే ఉంటుంది. దాన్ని పెట్టే ముందు ఒక్కో హెచ్చరిక వివరం తెరిచి చదవాలి. నాకు స్వాప్ గురించి ఒకటి వచ్చింది, చదివి, ఎందుకొచ్చిందో తెలుసుకుని ముందుకు వెళ్లాను. సారాంశం తెర నుంచి రెస్పాన్స్ ఫైలు భద్రపరిచాను. టెస్ట్ క్లస్టర్ మీద అచ్చం ఇలాంటిదే కట్టాల్సి వచ్చినప్పుడు పేర్లు, డిస్క్ గ్రూపులు మార్చి సైలెంట్ మోడ్‌లో నడిపితే చాలు. పాస్‌వర్డ్‌లు ఆ ఫైల్లో రాసి ఉంచకండి.

ఫినిష్ నొక్కాక పురోగతి చూపించే గీత ముందుకు సాగుతుంది. ఫైళ్ల కాపీ దశ కొంతసేపు, ప్లగబుల్ డేటాబేస్ సృష్టి, చివరి సర్దుబాట్లు ఇంకొంతసేపు. మధ్యలో గీత చాలాసేపు కదలదు. ఆ సమయంలో చూస్తూ కూర్చోకుండా రెండు టెర్మినళ్లు తెరవడం మంచిది. ఒకదాంట్లో కాన్ఫిగరేషన్ టూల్స్ లాగ్ ఫోల్డర్‌లోని డీబీసీఏ ట్రేస్, ఇంకోదాంట్లో డేటాబేస్ అలర్ట్ లాగ్. గీత కదలకపోయినా లాగ్‌లో వరుసలు పడుతుంటే పని సాగుతున్నట్టే. ఆ వరుసలు కూడా ఆగితే అప్పుడు కంగారు పడొచ్చు. నా దగ్గర రెండూ సాఫీగా నడిచాయి. రెండో నోడ్ అలర్ట్ లాగ్ ఫైలు కొత్తగా పుట్టి, అందులో ఇన్‌స్టాన్స్ లేస్తున్న వరుసలు పడటం చూసినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. ముందు రోజు ఆ డిస్క్ గ్రూపును మౌంట్ చేయించకపోతే ఆ వరుసలు వచ్చేవి కావు.

డీబీసీఏ అంతా పూర్తయింది అన్నాక నా సొంత పరీక్షలు మొదలుపెట్టాను. ఎస్ఆర్‌వీసీటీఎల్ రెండు ఇన్‌స్టాన్స్‌లూ నడుస్తున్నాయని చెప్పింది. జీవీ డాలర్ ఇన్‌స్టాన్స్ అనే వ్యూలో రెండు వరుసలు, రెండూ ఓపెన్. ఎస్‌పీఫైలు (పారామీటర్ల ఫైలు), పాస్‌వర్డ్ ఫైలు రెండూ ఏఎస్ఎంలోనే ఉన్నాయి. నోడ్‌కొక కాపీ చొప్పున లోకల్ డిస్కులో ఉంటే ఒకచోట మార్చింది ఇంకోచోటికి చేరదు. హ్యూజ్ పేజీలు నిజంగా వాడుకుంటోందా అన్నది అలర్ట్ లాగ్‌లో ఇన్‌స్టాన్స్ లేచిన చోట రాసి ఉంటుంది, అదీ చూశాను. ప్యాచ్‌ల ఎస్‌క్యూఎల్ భాగం డేటాబేస్ లోపల కూడా పడిందా అని రిజిస్ట్రీ ఎస్‌క్యూఎల్ ప్యాచ్ వ్యూలో చూసుకున్నాను.

అప్లికేషన్ కోసం వేరే సర్వీస్ (అప్లికేషన్‌లు కనెక్ట్ అయ్యే పేరు) సృష్టించాను. డేటాబేస్ పేరుతో తనంతట తానే వచ్చే సర్వీస్‌ను అప్లికేషన్‌లకు ఇవ్వకూడదు. మనం ఎస్ఆర్‌వీసీటీఎల్‌తో చేర్చిన సర్వీస్ అయితే ఏ ఇన్‌స్టాన్స్ మీద నడవాలో, అది పోతే ఎక్కడికి వెళ్లాలో చెప్పొచ్చు, మెయింటెనెన్స్ రోజున మెల్లగా ఒకవైపు నుంచి ఇంకోవైపుకు జరపొచ్చు. రాత్రి నడిచే బ్యాచ్ పనులకు ఒక సర్వీస్, పగటి లావాదేవీలకు ఇంకొకటి పెట్టి, మామూలు రోజుల్లో వాటిని వేర్వేరు నోడ్‌ల మీద ఉంచాం. ఒకే బ్లాకుల కోసం రెండు ఇన్‌స్టాన్స్‌లూ ఇంటర్‌కనెక్ట్ (నోడ్‌ల మధ్య సొంత నెట్‌వర్క్) మీద లాక్కోవడం దాంతో బాగా తగ్గుతుంది. ఆ సర్వీస్‌లను ప్లగబుల్ డేటాబేస్‌కు కట్టాం కాబట్టి, సర్వీస్ లేచినప్పుడు ప్లగబుల్ డేటాబేస్ కూడా తెరుచుకుంటుంది.

అప్లికేషన్ టీమ్‌కు ఇచ్చే ముందు ఒక నోడ్‌ను పడేసి చూడాలని పట్టుబట్టాను. అన్నీ పచ్చగా కనిపిస్తున్నప్పుడు ఎవరికీ ఆ పని చేయాలనిపించదు. కానీ ఈ ఖర్చంతా పెట్టింది ఆ రోజు కోసమే కదా. మొదట రెండో ఇన్‌స్టాన్స్ పీమాన్ ప్రాసెస్‌ను (అది పోతే ఇన్‌స్టాన్సే పడిపోతుంది) చంపాం. మొదటి ఇన్‌స్టాన్స్ అలర్ట్ లాగ్‌లో రీకాన్ఫిగరేషన్ మొదలైంది, చనిపోయిన దాని రీడూ థ్రెడ్ చదివి రికవరీ చేసింది, సర్వీస్ ఇటు వచ్చింది. క్లస్టర్‌వేర్ ఆ పడిపోయిన ఇన్‌స్టాన్స్‌ను తానే మళ్లీ లేపింది. తర్వాత ఆ నోడ్‌కు పవర్ తీసేశాం. ఈసారి దాని వర్చువల్ ఐపీ మొదటి నోడ్‌కు వచ్చింది. ఆ ఐపీ అలా రావడంలోని ప్రయోజనం చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. అక్కడికి వచ్చిన కనెక్షన్లకు అది సేవ చేయదు. ఇక్కడ లిజనర్ లేదు అని వెంటనే చెప్పి తిప్పి పంపుతుంది. దాంతో క్లయింట్ టీసీపీ గడువు ముగిసేదాకా ఎదురుచూడకుండా తర్వాతి చిరునామాకు వెళ్లిపోతుంది. ఆ ఎదురుచూపులోని తేడాయే వాడేవాళ్లకు అప్లికేషన్ ఆగిందా, లేక కాస్త తడబడిందా అన్నది నిర్ణయిస్తుంది.

నెట్‌వర్క్ హార్ట్‌బీట్ (నోడ్‌లు ఒకదానికొకటి పంపుకునే, బతికే ఉన్నామనే సంకేతం) పోయాక ఒక నోడ్‌ను క్లస్టర్ నుంచి తప్పించడానికి క్లస్టర్‌వేర్ లినక్స్ మీద మామూలుగా 30 సెకన్లు వేచిచూస్తుంది. అప్లికేషన్‌లో టైమ్ అవుట్ 15 సెకన్లకు పెట్టుకున్న టీమ్ ఒకటి ఉంది. పరీక్ష చూశాక వాళ్లే తమ విలువ మార్చుకున్నారు. కాగితం మీద ఎన్నిసార్లు చెప్పినా అంత బలంగా నాటుకునేది కాదు.

మిగిలింది బ్యాకప్. ఒరాకిల్ బ్యాకప్ టూల్ ఆర్‌మ్యాన్ వాడే స్నాప్‌షాట్ కంట్రోల్ ఫైలు (బ్యాకప్ కోసం తీసుకునే కంట్రోల్ ఫైలు కాపీ) దారిని డిస్క్ గ్రూపు వైపు తిప్పాను. 11జీ రిలీజ్ 2 నుంచి ర్యాక్‌లో అది అన్ని నోడ్‌లకూ అందే చోట ఉండాలి, లేకపోతే కంట్రోల్ ఫైలు బ్యాకప్ ఓఆర్ఏ-00245తో ఆగిపోతుంది. మొదటి పూర్తి బ్యాకప్‌ను రెండో నోడ్ నుంచి నడిపి, రిస్టోర్ వ్యాలిడేట్‌ను మొదటి నోడ్ నుంచి నడిపాను. రెండూ తప్పులు లేకుండా ముగిశాక, స్కాన్ పేరు, పోర్టు, సర్వీస్ పేర్లు రాసి అప్లికేషన్ టీమ్‌కు పంపించాను.